బోర్డర్ ఊళ్ళలో బండి లైసెన్స్: ఏజెంటు కంటే ముందు టెస్టులో తిప్పాల్సిన 'ఎనిమిది' అంకె సంగతి చూసుకోండి

ఒడిశా వైపు పర్లాకిమిడిలో ఇల్లు, ఆంధ్రా వైపు పాతపట్నంలో చుట్టాలు ఉన్నవాళ్ళకి వచ్చే మొదటి డౌటు, లైసెన్స్ ఎటువైపు తీసుకోవాలని. మీరు ఉంటున్న రాష్ట్రంలోనో, వ్యాపారం చేస్తున్న రాష్ట్రంలోనో, బండి నేర్చుకునే స్కూలున్న రాష్ట్రంలోనో తీసుకోవచ్చు, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఆ రాష్ట్రంలో ఏ ఆర్టీవో ఆఫీసులోనైనా అప్లై చేయొచ్చు. చేతికొచ్చాక ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లెర్నర్ లైసెన్స్) అయినా సరే దేశమంతా చెల్లుతుంది, చెక్‌పోస్టు దాటితే చెల్లదనే మాటలు పట్టించుకోకండి.

గేరు బండికి 18 ఏళ్ళు నిండాలి. 16కే ఇస్తారు కదా అంటారు గానీ అది 50 సీసీ లోపు గేరులేని బండికి, అదీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటే. ఇప్పుడు అందరూ కొనే 110, 125 సీసీ స్కూటీలు ఆ లెక్కలోకి రావు. మైనర్ దొరికితే 25,000 జరిమానా, జైలు భయం కూడా, తండ్రికో బండి ఓనరుకో.

లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో ఎల్ఎల్ఆర్‌కి అప్లై చేసేటప్పుడు గేరున్న మోటార్ సైకిల్ అనే ఎంచుకోండి, లేకపోతే రేపు పల్సర్ కొన్నాక మళ్ళీ మొదటికే వస్తారు. బోర్డులు, సిగ్నళ్ళ మీద చిన్న పరీక్ష ఉంటుంది, కాస్త చదివితే చాలు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు ఉంటుంది, డ్రైవింగ్ టెస్టుకి మాత్రం 30 రోజులు ఆగాలి.

మనవాళ్ళు ఆ నెలంతా ఏజెంటు చుట్టూ తిరుగుతారు, బండి మాత్రం తీయరు! ముందూ వెనకా తెల్లబోర్డు మీద ఎర్ర 'ఎల్' పెట్టుకుని, లైసెన్స్ ఉన్న అన్ననో మావయ్యనో నేర్పడానికి వెనక కూర్చోబెట్టుకుని (ఫ్రెండుని ఎక్కించుకోకూడదు), ఖాళీ మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీసి, దాని మీద రోజూ బండి తిప్పండి. ఫస్ట్ గేరు, సగం క్లచ్, అవసరమైతే వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా, అంతే. మలుపులో ముందు బ్రేకు పట్టుకుంటే పడతారు, ముందు చక్రం వైపు చూసినా బండి ఊగుతుంది, అందుకే చూపెప్పుడూ తర్వాత తిరగాల్సిన చోటు మీదే ఉండాలి. చేయి వచ్చాక గానీ ఆర్.ఉదయగిరి ఘాట్ (కొండ దారి) జోలికి వెళ్ళొద్దు. పెట్రోలు కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ చేసేవాళ్ళున్నారు, అలా చేస్తే భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది, సెకండ్ గేరులోనే దిగండి.

టెస్టు రోజు బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు, ఐఎస్ఐ హెల్మెట్ ఉండాలి. ఎనిమిదిలో కాలు కింద పెట్టకండి. ఫెయిలైతే ఏడు రోజులయ్యాక మళ్ళీ స్లాట్ పెట్టుకోవచ్చు, టెన్షన్ పడక్కర్లేదు.