పిల్లలకు లెక్కలంటే ఇష్టం పెరగాలంటే ముందు నాలుగు గవ్వలు కొనండి

ఒకటి నుంచి మూడో తరగతి లోపు పిల్లలున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎక్కాలు వద్దని చెప్పను, అవి నోటికి రావాల్సిందే. కానీ ఎక్కాల పుస్తకంతోనే మొదలుపెడితే, లెక్కలంటే తప్పు చెప్పి తిట్లు తినేవి అని పిల్లల మనసులో పడిపోతుంది. నాకు అలాగే పడింది. ఏడో ఎక్కం దగ్గర తడబడినందుకు గోడకుర్చీ వేయించారు, ఇప్పటికీ ఏడెనిమిదులు ఎంతంటే ఒక్క క్షణం ఆగుతాను.

అందుకే మా పాపకు అష్టాచెమ్మాతో మొదలుపెట్టాను. సుద్దముక్కతో నేల మీద అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీయండి. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్లు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా అంటే 4, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే 8. మొదటి వారం ఊరికే ఆడండి, దయచేసి పాఠం చెప్పకండి. మొదట్లో ఒక్కో గడి వేలితో లెక్కపెట్టుకుంటూ నడుపుతారు, కొన్నాళ్లకు దూరం నుంచే చూసి "నాకు మూడు పడితే నీ కాయ చచ్చింది" అంటారు. ఆ మాట వచ్చిందంటే కూడిక, తీసివేత మనసులో జరుగుతున్నట్టే.

రెండో వారం ఒక కాగితం మీద 1, 2, 3, 4, 8 అని రాసి, 50 సార్లు గవ్వలు వేసి, ఏది పడితే దాని కింద గీత పెట్టమనండి. 4, 8 కింద గీతలు బాగా తక్కువ ఉంటాయి. ఎందుకని వాళ్లే అడుగుతారు, అప్పుడు జవాబు చెప్పేయకండి. నాలుగు గవ్వలూ వరసగా పెట్టి, సరిగ్గా రెండే వెల్లకిలా ఉండేలా ఎన్ని రకాలుగా పెట్టొచ్చో వెతకమనండి. 6 రకాలుంటాయి. ఒకటికి 4, మూడుకి 4, చెమ్మాకి ఒకటే, అష్టాకి ఒకటే, మొత్తం 16. మా పాపకు ఆ ఆరోది దొరకడానికి రెండు సాయంత్రాలు పట్టింది, చెప్పేద్దామని నా నాలుక చివరిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. దొరికిన రోజు వాళ్ల నానమ్మను వంటింట్లోంచి లాక్కొచ్చి మరీ చూపించింది.

ముగ్గు వేసేటప్పుడు కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. 7 చుక్కలు, 1 వచ్చేవరకు, సరి చుక్క అంటే మొదటి సగంలో వరసలు 1, 3, 5, 7. కలిపితే 16, అవే 16 చింతపిక్కలు తీసుకుని నాలుగేసి చొప్పున పేరిస్తే చక్కటి చదరం. తర్వాత 9 కలిపి చూడమనండి.

అప్పు తెచ్చుకుని తీసివేయడం వచ్చిన మూడో తరగతి పిల్లలకైతే ఇది ఇవ్వండి. అన్నీ ఒకే అంకె కాకుండా ఏదైనా మూడంకెల సంఖ్య, ఉదాహరణకు 352. అంకెలను పెద్దది నుంచి చిన్నదిగా, చిన్నది నుంచి పెద్దదిగా రాసి తీసేయాలి: 532 - 235 = 297. వచ్చినదానితో మళ్లీ అలాగే చేస్తే 693, 594, ఆ తర్వాత 495, ఇక అక్కడే ఆగిపోతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా అంతే (మధ్యలో 99 వస్తే 099 అనుకోవాలి). నాలుగంకెలకైతే 6174 వస్తుంది, దాన్ని కనిపెట్టిన కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవళాలీలో బడి పంతులు. హోంవర్క్‌లో నాలుగు తీసివేతలకే ఏడ్చే పిల్లలు, 495 రాని సంఖ్య పట్టుకుంటామని పేజీలు నింపేస్తారు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా ఇంట్లో తెలుగులో లెక్కపెట్టించండి. పదమూడు అంటే పది, మూడు అని పేరులోనే వినిపిస్తుంది, ఫోర్టీన్‌లో నాలుగు ముందు వినిపించి 41 రాసేసే పిల్లలున్నారు.

ఇంకొకటి, జవాబు తప్పయినప్పుడే కాదు, కరెక్ట్ అయినప్పుడు కూడా "ఎలా చేశావు నాన్నా?" అని అడగండి. 8, 7 కలపడానికి ఒకరు 8కి రెండిచ్చి పది చేసి ఐదు కలుపుతారు, ఇంకొకరు ఏడు ఏడు పద్నాలుగు, ఇంకొకటి అంటారు. రెండూ ఓపిగ్గా వినండి. మొహంలో విసుగు కనిపిస్తే వెంటనే ఆపేసి, గవ్వలు మాత్రం వాళ్లకు అందేచోట పెట్టి ఉంచండి.