మైక్రోప్రాసెసర్‌కు నికరమైన వోల్టేజీ: రెగ్యులేటర్ చిప్‌ను అమర్చే విధానం

నేను గీసిన ఒక బోర్డులో ప్రాసెసర్ మామూలు పనులన్నీ చక్కగా చేసేది, భారీ లెక్కలు మొదలుపెట్టగానే రీసెట్ అయ్యేది. ప్రాసెసర్‌కు వోల్టేజీని నిలబెట్టి ఇచ్చే రెగ్యులేటర్ చిప్ అవుట్‌పుట్ దగ్గర మీటర్ పెడితే సరిగ్గా 1.200 వోల్టులు చూపేది. అదే మీటర్‌ను ప్రాసెసర్ పవర్ పిన్ పక్కనున్న కెపాసిటర్ మీదికి మార్చాక 1.16 వోల్టులు కనిపించాయి. తప్పు చిప్‌ది కాదు, నాది. రెగ్యులేటర్ తాను ఏ బిందువును చూస్తుందో ఆ బిందువు దగ్గరే వోల్టేజీని నిలబెడుతుంది; నేను దానికి చూపిన బిందువు ప్రాసెసర్ దగ్గర కాకుండా చిప్ పక్కనే ఉంది. 5 వోల్టుల నుంచి 1.2 వోల్టుల కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) సరఫరాను 2 ఆంపియర్ల వరకు ఎలా కట్టాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు చిప్ లోపల జరిగేది తెలియాలి. అందులో ఉష్ణోగ్రత మారినా దాదాపు చలించని ఒక కొలబద్ద ఉంటుంది. దానిని బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ అంటారు. 1970ల ఆరంభంలో రాబర్ట్ విడ్లర్ ఈ సూత్రాన్ని రెగ్యులేటర్ చిప్‌లలో ఆచరణలోకి తెచ్చారు. అవుట్‌పుట్ వోల్టేజీలో కొంత భాగాన్ని రెండు రెసిస్టర్ల ద్వారా ఫీడ్‌బ్యాక్ పిన్‌కు తెస్తే, ఎర్రర్ ఆంప్లిఫయర్ దానిని రిఫరెన్స్‌తో పోల్చి, తగ్గితే పెంచమనీ పెరిగితే తగ్గించమనీ పవర్ ట్రాన్సిస్టర్‌ను నడిపిస్తుంది. మిగిలినదంతా ఈ పోలికను త్వరగా, పొరపాటు లేకుండా జరిపించడానికే.

తర్వాత అనుమతించిన తేడా ఎంతో రాసుకోండి. ప్రాసెసర్ డేటాషీట్ 1.2 వోల్టులకు అటూ ఇటూ 5 శాతం ఇచ్చిందనుకుంటే, మన చేతిలో ఉన్నది 60 మిల్లీవోల్టులే. ఇకపై తీసుకునే ప్రతి నిర్ణయం ఆ 60లో నుంచి కొంత ఖర్చు పెడుతుంది కాబట్టి, ఒక కాగితం మీద లెక్క రాసుకుంటూ వెళ్లడం మంచిది.

ఏ రకం చిప్ అన్నది చప్పున తేలిపోతుంది. ఎల్‌డీవో అనే లీనియర్ రెగ్యులేటర్ అదనపు వోల్టేజీని వేడిగా మార్చేస్తుంది: 5 వోల్టుల నుంచి 1.2 వోల్టులకు 2 ఆంపియర్లు ఇస్తే ప్రాసెసర్‌కు చేరేది 2.4 వాట్లు, చిప్‌లో కాలిపోయేది 7.6 వాట్లు. కోర్‌కు అది కుదరదు. అయితే ప్రాసెసర్‌లోని పీఎల్ఎల్ (క్లాక్‌ను తయారుచేసే భాగం) వంటి, నాయిస్‌ను ఓర్చుకోలేని భాగాలకు 3.3 నుంచి 1.8 వోల్టులకు 20 మిల్లీ ఆంపియర్లు చాలు. అక్కడ పోయేది 30 మిల్లీవాట్లే కనుక ఎల్‌డీవోనే వాడండి.

కోర్‌కు బక్ కన్వర్టర్ కావాలి. అది ఇన్‌పుట్‌ను వేగంగా కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. ఇండక్టర్, కెపాసిటర్ కలిసి ఆ పల్స్‌లను సగటు వోల్టేజీగా నునుపు చేస్తాయి. 1.2ను 5తో భాగిస్తే 0.24 వస్తుంది, అంటే 1 మెగాహెర్ట్జ్ చిప్‌లో ప్రతి మైక్రోసెకనులో సుమారు 0.24 మైక్రోసెకను పాటు పై స్విచ్ (ఇన్‌పుట్‌ను కలిపేది) ఆన్‌లో ఉండి కరెంటును పంపుతుంది. ఇండక్టర్‌లో కరెంటు ఊగిసలాట పూర్తి లోడ్‌లో 30 శాతం, అనగా 0.6 ఆంపియర్లు ఉండేలా తీసుకోండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల తేడా అయిన 3.8ను 0.24తో గుణించి, స్విచింగ్ ఫ్రీక్వెన్సీ, 0.6ల లబ్ధంతో భాగిస్తే 1.5 మైక్రోహెన్రీలు వస్తుంది. గరిష్ఠ కరెంటు 2.3 ఆంపియర్లే అయినా, ఇండక్టర్ శాచురేషన్ రేటింగ్ (అది పట్టు కోల్పోకుండా మోయగల కరెంటు) చిప్ కరెంట్ లిమిట్‌కు మించి ఉండాలి. లేకపోతే షార్ట్ అయిన క్షణంలో ఇండక్టర్ చేతులెత్తేస్తుంది.

ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ల లెక్క సులువు. రిఫరెన్స్ 0.6 వోల్టులైతే రెండు రెసిస్టర్లు సమానంగా, చెరో 100 కిలో ఓమ్‌లు పెడితే 1.2 వోల్టులు వస్తాయి. రెసిస్టర్లు 1 శాతం రకమైతే వాటి వల్ల వచ్చే తప్పు అవుట్‌పుట్‌లో గరిష్ఠంగా 1 శాతం. రిఫరెన్స్ తప్పు మరో 1 శాతం అనుకుంటే మొత్తం 24 మిల్లీవోల్టులు ఖర్చయినట్టే. 60లో 36 మిగిలాయి.

ఇక అసలు కష్టం హఠాత్తు లోడ్‌తో వస్తుంది. ప్రాసెసర్ నిద్ర నుంచి లేచి ఒక్కసారిగా 1.5 ఆంపియర్లు అదనంగా లాగితే, ఫీడ్‌బ్యాక్ లూప్ తేరుకునే లోపు ఆ కరెంటును అవుట్‌పుట్ కెపాసిటర్లే ఇవ్వాలి. లూప్ బ్యాండ్‌విడ్త్ (అది స్పందించే వేగం) 100 కిలోహెర్ట్జ్, ఓర్చుకోగల పతనం 30 మిల్లీవోల్టులు అయితే కావలసిన కెపాసిటెన్స్ సుమారు 80 మైక్రోఫారడ్‌లు. నాలుగు 22 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు ఎక్స్5ఆర్ లేదా ఎక్స్7ఆర్ రకంలో పెట్టండి. వీటి మీద రాసిన విలువ డీసీ వోల్టేజీ పెరిగే కొద్దీ తగ్గుతుందని మరవకండి, 1.2 వోల్టుల దగ్గర నష్టం కొద్దిగానే ఉంటుంది గానీ, 5 వోల్టుల ఇన్‌పుట్ వైపు 6.3 వోల్టుల చిన్న కెపాసిటర్ వాడితే సగం దాకా పోవచ్చు. అందుకే అక్కడ ఎక్కువ వోల్టేజీ రేటింగ్ ఉన్నది ఎంచుకోవాలి. ఇప్పుడు మన దగ్గర 6 మిల్లీవోల్టులే మిగిలాయి.

ఈ 6తో బోర్డు గీయాలి. 35 మైక్రాన్ల మందం రాగిలో ఒక చదరానికి (వెడల్పుకు సమానమైన పొడవున్న ముక్కకు) సుమారు 0.5 మిల్లీ ఓమ్ నిరోధం ఉంటుంది. నా బోర్డులో చిప్ నుంచి ప్రాసెసర్‌కు 40 మిల్లీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు దారి గీశాను. అది 40 చదరాలు, 20 మిల్లీ ఓమ్‌లు, 2 ఆంపియర్ల దగ్గర 40 మిల్లీవోల్టుల నష్టం. ఆపైన హఠాత్తు లోడ్ పతనం చేరితే 1.14 వోల్టుల హద్దు దాటడం ఖాయం. మందు రెండు భాగాలు: దారిని వెడల్పాటి రాగి పరుపుగా మార్చడం, ఫీడ్‌బ్యాక్ తీగను ప్రాసెసర్ దగ్గరి కెపాసిటర్ నుంచి మొదలుపెట్టడం. రెసిస్టర్లు మాత్రం ఫీడ్‌బ్యాక్ పిన్ పక్కనే ఉండాలి, ఎందుకంటే ఆ పిన్‌కు చేరే బిందువు నాయిస్‌ను ఇట్టే పట్టుకుంటుంది. తీగను ఇండక్టర్‌కు, స్విచ్ నోడ్‌కు (స్విచ్‌లు, ఇండక్టర్ కలిసే బిందువుకు) దూరంగా నడపండి. అవుట్‌పుట్ కెపాసిటర్లలో కొన్నింటిని చిప్ దగ్గరే ఉంచితే లూప్ స్థిరత్వం చెడదు. గ్రౌండ్ కూడా ఒక తీగే కాబట్టి అది తెగిపోని ఒకే పొరగా ఉండాలి.

ఇన్‌పుట్ కెపాసిటర్‌ను నేను అన్నింటికంటే ముందుగా అమరుస్తాను. పై స్విచ్ కరెంటు కొన్ని నానోసెకన్లలో సున్నా నుంచి 2 ఆంపియర్లకు లేస్తుంది. కెపాసిటర్‌కు, చిప్‌కు మధ్య చుట్టులో 5 నానోహెన్రీలు ఉండి, 5 నానోసెకన్లలో ఆ మార్పు జరిగితే 2 వోల్టుల స్పైక్ పుడుతుంది. కెపాసిటర్‌ను ఇన్‌పుట్, గ్రౌండ్ పిన్‌లకు ఆనుకునేలా, అదే పొర మీద పెట్టండి.

పవర్ వరుసను, అంటే ఏ వోల్టేజీ ముందు రావాలన్నదాన్ని, ఊహతో నిర్ణయించకండి. కొన్ని ప్రాసెసర్లు కోర్ ముందు రావాలంటాయి, కొన్ని ఐవో (బయటి భాగాలతో మాట్లాడే పిన్‌ల సరఫరా) ముందు రావాలంటాయి. డేటాషీట్ చెప్పిన క్రమంలో ఒక చిప్ పవర్ గుడ్ పిన్‌ను (వోల్టేజీ సిద్ధమని చెప్పేది) తర్వాతి చిప్ ఎనేబుల్ పిన్‌కు (దాన్ని ఆన్ చేసేది) కలిపితే చాలు. నాలుగైదు వోల్టేజీలు కావలసినప్పుడు పీఎంఐసీ (పలు రెగ్యులేటర్లు కలిసి ఉన్న చిప్) తీసుకోండి, అందులో వరుస ముందే రాసి ఉంటుంది, ఐ2సీ అనే రెండు తీగల లింకు ద్వారా వోల్టేజీ మార్చుకోవచ్చు. పని తక్కువగా ఉన్నప్పుడు, ప్రాసెసర్ డేటాషీట్ అనుమతించిన మేరకు కోర్‌ను 1.2 నుంచి 1.0 వోల్టులకు దించితే, అదే ఫ్రీక్వెన్సీలో డైనమిక్ పవర్ (స్విచింగ్‌కు ఖర్చయ్యేది) దాదాపు 31 శాతం తగ్గుతుంది. ఇంటెల్ 2013లో హాస్వెల్ ప్రాసెసర్లలో రెగ్యులేటర్‌ను ప్రాసెసర్ చిప్‌లోకే చేర్చి, బోర్డు నుంచి సుమారు 1.8 వోల్టులు తీసుకునేలా చేసింది. వోల్టేజీ ఎక్కువైతే పిన్‌ల గుండా పోవలసిన కరెంటు తగ్గుతుంది కనుక నష్టమూ తగ్గుతుంది.

కొలిచేటప్పుడు ఓసిలోస్కోప్ ప్రోబ్‌కు ఉన్న పొడవాటి గ్రౌండ్ క్లిప్ తీసేసి, చిన్న గ్రౌండ్ స్ప్రింగ్ వాడండి. లేకుంటే క్లిప్ పట్టుకున్న స్పైక్‌లనే రిపిల్ (అవుట్‌పుట్ వోల్టేజీలోని చిన్న ఊగిసలాట) అనుకుంటారు. బ్యాండ్‌విడ్త్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేసి, ప్రాసెసర్ పిన్ దగ్గరి కెపాసిటర్ మీద డీసీ కప్లింగ్‌తో కనిష్ఠాన్ని, ఏసీ కప్లింగ్‌తో రిపిల్‌ను చూడండి. ప్రాసెసర్‌ను ఖాళీ నుంచి పూర్తి లోడ్‌కు పదే పదే మారుస్తూ, ఇన్‌పుట్‌ను దాని కనిష్ఠానికి దించి, బోర్డు వేడెక్కాక మళ్లీ కొలవండి. కనిష్ఠం 1.14 వోల్టుల కంటే తగ్గితే, ముందు ఫీడ్‌బ్యాక్ తీగ ఎక్కడ మొదలవుతుందో చూసి, ఆ తర్వాతే కెపాసిటర్ల జోలికి వెళ్లండి.