బేస్‌బాల్ అంపైరింగ్: నిలబడే చోటు, నిర్ణయం చెప్పే వేళ, తప్పు దొర్లినప్పుడు చేయవలసిన పని

మన దగ్గర బేస్‌బాల్ అంపైర్‌గా దిగేవారిలో ఎక్కువ మంది క్రికెట్ చూస్తూ పెరిగినవారే. హన్మకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరోజు ఖోఖోకు విజిల్ వేస్తాడు, మరుసటి రోజు కబడ్డీ కోర్టు పక్కన కూర్చుంటాడు, ఆ మరుసటి రోజు ఎవరో మాస్క్ చేతికిచ్చి, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే ప్లేట్ అనే పలక వెనక నిలబడమంటే నిలబడతాడు. నేనూ అలాగే వచ్చాను. వచ్చేటప్పుడు క్రికెట్ నుంచి రెండు అలవాట్లు వెంట తెచ్చుకున్నాను: దాదాపు నిలబడ్డ చోటి నుంచే ఆటంతా చూడటం, సందేహం కలిగితే బ్యాటర్ వైపు మొగ్గడం. బేస్‌బాల్‌లో ఈ రెండూ పనికిరావని తెలియడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. ఇన్నేళ్లలో నేను తప్పు చెప్పిన నిర్ణయాలను వెనక్కి తిరిగి చూసుకుంటే, వాటిలో కన్ను మోసం చేసినవి కొద్ది. కాళ్లు ఆలస్యంగా కదిలినవి, చెయ్యి తొందరపడి లేచినవి ఎక్కువ.

ముందుగా కాళ్ల సంగతి. పెద్ద పోటీల్లో నలుగురు అంపైర్లు ఉంటారు గానీ మన మైదానాల్లో ఇద్దరు దొరికితే అదే భాగ్యం. ఒకరు హోమ్ ప్లేట్ వెనక ఉంటారు, ఇంకొకరు, బంతిని కొట్టాక బ్యాటర్ వరుసగా తాకుతూ పరుగెత్తవలసిన మూడు బేస్‌లను చూస్తారు. బేస్‌కు చేరిన బ్యాటర్‌నే రన్నర్ అంటాం. బేస్‌ల మీద రన్నర్ ఎవరూ లేనప్పుడు బేస్ అంపైర్ ఫస్ట్ బేస్‌మన్‌కు 10 నుంచి 12 అడుగుల వెనక, ఫౌల్ గీతకు బయట నిలబడాలి. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉంటే గీత లోపలికి వచ్చి, బంతి వేసే పిచ్చర్ నిలబడే దిబ్బకూ సెకండ్ బేస్‌కూ నడుమ, ఫస్ట్ బేస్ వైపుకు నిలబడాలి. రన్నర్ సెకండ్ మీదో థర్డ్ మీదో ఉంటే అదే లోతులో థర్డ్ బేస్ వైపుకు జరగాలి. ఈ మూడు చోట్లు ఆలోచించకుండానే కాళ్లకు అలవాటు కావాలి. బంతి వేసే ముందు ప్రతిసారీ బేస్‌ల వైపు ఒకసారి చూసి, నిలబడ్డ చోటు సరైనదేనా అని సరిచూసుకోవాలి.

ఎక్కువ ఆటల్లో అంపైర్ గౌరవం నిలిచేదీ పోయేదీ ఫస్ట్ బేస్ దగ్గరే కాబట్టి అక్కడ కొంచెంసేపు ఆగుదాం. బేస్‌ల చుట్టూ ఉన్న ఇన్‌ఫీల్డ్‌లో బంతి నేల మీదుగా, సెకండ్‌కూ థర్డ్‌కూ నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ వైపు పోయిందనుకోండి. వెనకాలే నిలబడి మెడ చాచి చూడకూడదు. గీత దాటి లోపలికి నాలుగైదు అడుగులు చురుకుగా వేసి, విసిరిన బంతి వచ్చే దారికి 90 డిగ్రీల కోణం దొరికేలా, బేస్‌కు 15 నుంచి 18 అడుగుల దూరంలో ఆగాలి. బేస్‌కు మరీ దగ్గరగా వెళ్తే రన్నర్ కాలూ, బంతి పట్టే చేతి తొడుగైన మిట్టూ రెండూ ఒక్క చూపులో ఇమడవు, చూపు పైకీ కిందికీ గెంతుతుంది. బంతి ఫీల్డర్ చేతి నుంచి వదిలే క్షణానికి మీ కాళ్లు ఆగిపోయి ఉండాలి. కదులుతున్న తలకు ప్రతిదీ కదిలినట్టే కనిపిస్తుంది కాబట్టి, మంచి చోటికి చేరాలనే ఆశతో పరుగెడుతూ చూడటం కంటే కొంచెం తక్కువ చోటులోనైనా ఆగి చూడటమే మేలు. విసిరిన బంతి నేరుగా వస్తోందని తెలియగానే చూపును బేస్ మీద నిలిపి, రన్నర్ పాదాన్ని కంటితో, మిట్‌లో బంతి పడిన చప్పుడును చెవితో పట్టుకోవాలి. బంతి పక్కకు పోతోందనిపిస్తే మాత్రం కన్ను బంతినీ బేస్‌మన్ పాదాన్నీ వదలకూడదు, ఎందుకంటే ఇక ప్రశ్న ముందా వెనకా అన్నది కాదు, అతని పాదం బేస్ మీద ఉందా లేదా అన్నది.

ఇక్కడే క్రికెట్ అలవాటు అడ్డుపడుతుంది. ప్రేక్షకుల్లో సగం మంది, ఒక్కోసారి కోచ్ కూడా, ‘రెండూ ఒకేసారి వచ్చాయి, బెనిఫిట్ ఆఫ్ డౌట్ మావాడికే’ అంటారు. నియమంలో సందేహానికి చోటు లేదు. బ్యాటర్ ఫస్ట్ బేస్‌ను తాకేలోపు బంతి పట్టుకున్న ఫీల్డర్ ఆ బేస్‌ను గానీ అతణ్ని గానీ తాకితే ఔట్. అంటే అంపైర్ తనను తాను అడగవలసింది ఒకటే: బంతి ముందు వచ్చిందా? వచ్చింది అనిపిస్తే ఔట్, రాలేదు అనిపిస్తే సేఫ్. ‘సమానం’ అన్న మాట మీ నోట వినిపించిందంటే మీరు చూడలేదని అందరికీ తెలిసిపోతుంది.

రన్నర్‌ను బంతితో తాకవలసిన ఆటలో లెక్క వేరు. అక్కడ దూరం కంటే మిట్‌కూ రన్నర్‌కూ మధ్య ఖాళీ కనిపించడం ముఖ్యం కాబట్టి ఇంకా దగ్గరకు, 10 అడుగుల లోపలికైనా వెళ్లవచ్చు. సెకండ్ బేస్‌కు దొంగతనంగా పరుగెత్తే రన్నర్ విషయంలో కొత్త అంపైర్ బేస్ మీదికే దూకుతాడు. అప్పుడు ఫీల్డర్ వీపు తప్ప మరేదీ కనిపించదు. రెండడుగులు వేసి, ప్లేట్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ విసిరిన బంతి తలను దాటి పోతుండగా దానితో పాటు భుజాలు తిప్పితే చాలు, కోణం దానంతట అదే కుదురుతుంది.

ప్లేట్ వెనక పని ఓపికతో కూడినది. పిచ్చర్ దగ్గరి నుంచి హోమ్ ప్లేట్ 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బంతిలో ఏ కొంచెం భాగమైనా ఆ వెడల్పు మీదుగా, బ్యాటర్ మోకాలిచిప్ప కింది గుంట నుంచి, భుజాలకూ నడుముకూ సరిగ్గా మధ్యనున్న ఎత్తు వరకు ఉన్న గాలిలోంచి పోతే స్ట్రైక్. అలా పోకుండా, బ్యాటర్ కూడా బ్యాట్ ఊపకపోతే బాల్. క్యాచర్ తల వెనక నేరుగా నిలబడితే బయటి మూల కనిపించదని కొందరు బయటికి జరుగుతారు, అది తప్పు. బ్యాటర్‌కూ క్యాచర్‌కూ నడుమ ఉన్న సందులో నిలబడాలి. కుడిచేతి బ్యాటర్ అయితే క్యాచర్ ఎడమ భుజం మీదుగా చూస్తూ, ఎడమ పాదం ముందుకు, కుడి పాదం కాస్త వెనక్కి పెట్టి, గడ్డం క్యాచర్ తల పైభాగం ఎత్తులో ఉండేలా కూర్చోవాలి. ఆ ఎత్తు ప్రతి బంతికీ ఒక్కటే ఉండాలి. ఏడో ఇన్నింగ్స్‌కు తొడలు నొప్పెట్టి మీరు కాస్త లేచారంటే, కింది స్ట్రైకులు మీకే తెలియకుండా బాల్‌లైపోతాయి. మే నెల ఎండలో ఇది నాకు చాలాసార్లు జరిగింది. క్యాచర్ లోపలికి జరిగి సందు మూసేస్తే పక్కకు పోకుండా, అతని తల మీదుగా కొంచెం పైకి లేచి చూడాలి. మన మైదానాల్లో ముగ్గుతో పోసిన గీతలు మూడో ఇన్నింగ్స్‌కే చెరిగిపోతాయి కాబట్టి, ఇన్నింగ్స్ మారేటప్పుడు ప్లేట్‌ను తుడవడంతో పాటు బ్యాటర్ పెట్టె గీతలను మళ్లీ పోయించడం మరవకూడదు.

నిర్ణయం ఎప్పుడు చెప్పాలన్నది నిలబడే చోటంత ముఖ్యం. బంతి పిచ్చర్ చేతి నుంచి మిట్ దాకా కళ్లతోనే రావాలి, తల కదలకూడదు. మిట్‌లో పడ్డాక ఆ దారిని మనసులో మరొకసారి చూసుకుని, అప్పుడు నోరు తెరవాలి. కొత్తవారికి నేనొక చిట్కా చెబుతుంటాను: మిట్ చప్పుడు కాగానే మనసులో ‘స్ట్రైకేనా?’ అని అడుక్కోండి, జవాబు వచ్చాక చెప్పండి. ఆ ఒక్క మాట పట్టే వ్యవధి చాలు. ఆలస్యమైందని ఎవరూ ఫిర్యాదు చేయరు, తొందరపడితే అందరూ చేస్తారు. ఈ వ్యవధి సులువైన నిర్ణయానికీ కష్టమైన నిర్ణయానికీ ఒకేలా ఉండాలి. సులువైనవి గబుక్కున చెప్పి కష్టమైన చోట తడుముకుంటే, ఆ తడబాటే మీ అనుమానాన్ని బయటపెడుతుంది.

అన్నిటికంటే ఆలస్యంగా రావలసిన మాట ‘ఫౌల్’, అంటే కొట్టిన బంతి గీతకు బయట పడిందని చెప్పడం. గీత లోపలిది ఫెయిర్. ఫెయిర్ బంతికి నోరు విప్పకూడదు, చేత్తో మైదానం లోపలికి చూపితే సరిపోతుంది. ఫౌల్ అని అరిచారంటే రన్నర్లు ఆగిపోతారు, ఫీల్డర్లు చేతులు దించేస్తారు, ఆ తర్వాత అది ఫెయిర్ అని తేలినా చెదిరిన ఆటను మళ్లీ అతికించడం చాలా కష్టం. గీత మీద దొర్లే బంతి ఎక్కడో ఒకచోట ఆగేదాకా, లేదా ఎవరైనా తాకేదాకా పెదవులు మూసుకోండి. బేస్‌ల మీద రన్నర్లు ఉన్నప్పుడు, ఇన్‌ఫీల్డ్‌లో సులువుగా దొరికే ఎత్తైన బంతికి బ్యాటర్‌ను ముందే ఔట్ అని ప్రకటించే ఇన్‌ఫీల్డ్ ఫ్లై కూడా అంతే: బంతి ఎత్తుకు చేరి దిగడం మొదలయ్యాకే చెప్పాలి.

ఇంత జాగ్రత్త పడినా తప్పు దొర్లుతుంది. ఒక పాఠశాల పోటీలో చివరి ఇన్నింగ్స్, రెండు ఔట్లయ్యాయి, బేస్‌ల మీద ఎవరూ లేరు. షార్ట్‌స్టాప్ విసిరిన బంతి నేరుగా వచ్చింది. నేను మంచి చోటే ఆగాను, కోణం కుదిరింది, మిట్ చప్పుడు వినబడింది, పిల్లవాడి పాదం బేస్‌కు ఇంకా అడుగు దూరంలో ఉంది. ఔట్ అని నా పిడికిలి లేచింది. అదే క్షణంలో బంతి మిట్ అంచు దాటి జారి ఎర్రమట్టిలో దొర్లింది. బ్యాటింగ్ జట్టు కోచ్ గీత దగ్గరే ఆగి, గొంతు పెంచకుండా, ‘సార్, బంతి కింద పడ్డది, జర సూడున్రి’ అన్నాడు. చప్పుడు విన్నాను గానీ, బంతి నిలిచిందా లేదా అని చూపు పైకెత్తి చూడలేదు. వెంటనే బంతి వైపు వేలు చూపి, రెండు చేతులూ చాచి ‘సేఫ్, బంతి పడింది’ అని గట్టిగా చెప్పాను. గెలిచామనుకుని అప్పటికే గెంతుతున్న ఫీల్డింగ్ జట్టుకు కోపం వచ్చింది, రావడం న్యాయమే. కానీ ఆ దిద్దుబాటు నిలిచింది, ఎందుకంటే తప్పు చెప్పిన నోరే, ఎవరితోనూ వాదన పెట్టుకోకముందే, కారణంతో సహా దాన్ని మార్చింది.

ఇలా అన్నీ మార్చలేం. మార్చదగినవి ఏమిటంటే, ఒకరికి కనిపించి మరొకరికి కనిపించకుండా పోయిన వాస్తవాలు: బంతి పడిపోవడం, బేస్‌మన్ పాదం లేచిపోవడం, బంతి కంచె దాటిందా లేదా అన్నది, లెక్క తప్పడం. బంతి ముందా, కాలు ముందా అన్న తీర్పు, స్ట్రైకా బాలా అన్న తీర్పు చూసినవాడివే. వాటిని చర్చకు పెట్టకూడదు. కోచ్ వచ్చి మర్యాదగా అడిగితే పూర్తిగా విని, నిజంగానే మీకు ఏదో మరుగై ఉంటే ‘నా సహచరుణ్ని అడుగుతాను’ అనండి. ఆట పూర్తిగా ఆగాక, టైమ్ ఇచ్చి, ఇద్దరూ ఆటగాళ్లకు దూరంగా వెళ్లి మాట్లాడుకోవాలి. అక్కడ సహచరుడు తాను చూసింది మాత్రమే చెప్పాలి. నిర్ణయం మార్చడం, ప్రకటించడం మొదట చెప్పినవాడి పనే. అడగకుండా దూరం నుంచి ‘అన్నా, అది సేఫ్’ అని అరిచే సహచరుడు మీకు సాయం చేస్తున్నాననుకుంటాడు గానీ ఇద్దరి పరువూ తీస్తాడు. ఇలాంటివన్నీ ఆటకు ముందు అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఏ గీత ఎవరిది, సగం ఊపిన బ్యాట్ గురించి క్యాచర్ అడిగితే ఎవరు ఎలా జవాబివ్వాలి అన్నవి కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఒక తల్లిదండ్రో అన్నో ఫోన్‌లో వీడియో తీసి గీత దగ్గరికి పరుగెత్తుకొస్తారు. దాన్ని చూడకండి. ఒకసారి చూస్తే తర్వాతి ప్రతి నిర్ణయానికీ పది ఫోన్లు వస్తాయి, పైగా అది ఏ కోణంలో తీసిందో మీకు తెలియదు. అమెరికాలో మేజర్ లీగ్‌లో కూడా ఒకప్పుడు ఇలాంటి నిర్ణయాలకు వీడియో సాయం ఉండేది కాదు. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో పిచ్చర్ అర్మాండో గలారగా వరుసగా 26 మంది బ్యాటర్లను ఔట్ చేశాడు. 27వ వాడు ఫస్ట్ బేస్‌కు చేరేలోపే బంతి అందినా అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. ఒక్కరినీ బేస్‌కు చేరనివ్వకుండా 27 మందినీ ఔట్ చేసే పర్ఫెక్ట్ గేమ్, చరిత్రలో అరుదైనది, అలా చేజారింది. ఆట ముగిశాక వీడియో చూసిన జాయిస్ తప్పు తనదేనని దాచకుండా ఒప్పుకున్నాడు. మరుసటి రోజు ప్లేట్ వెనక నిలబడ్డ అతనికి జట్టు పేర్ల పట్టికను తెచ్చి ఇచ్చింది గలారగానే. నిర్ణయాన్ని మాత్రం లీగ్ మార్చలేదు. అనుభవజ్ఞుడైన అంపైర్‌కే అలా జరిగితే మనకు జరగడంలో వింత లేదు. ఒప్పుకునే తీరులోనే తేడా ఉంటుంది. ఒప్పుకోవడమంటే మైదానంలో పదేపదే క్షమాపణ చెప్పుకోవడం కాదు. మార్చలేని తప్పయితే కోచ్‌తో ఒక్కసారి, ‘నాకు కనిపించింది చెప్పాను, సరిగా చూడలేకపోయి ఉండవచ్చు’ అని తేల్చి ఆట మొదలుపెట్టండి. ఇంకా పొడిగిస్తే హెచ్చరిక. హెచ్చరిక తర్వాత కూడా వ్యక్తిగత దూషణకు దిగితే బయటికి పంపడం.

అన్నిటికంటే పెద్ద తప్పు, చేసిన తప్పును మరో తప్పుతో చెల్లించడం. అదీ చేశాను. ఒకసారి ఒక జట్టుకు స్ట్రైక్‌ను బాల్ అని చెప్పేశానని తెలిసి, తర్వాతి ఇన్నింగ్స్‌లో వారి పిచ్చర్‌కు చారెడు బయటికి పోయిన బంతిని స్ట్రైక్ ఇచ్చాను. క్యాచర్, తొమ్మిదో తరగతి పిల్లవాడు, తన జట్టుకే లాభమైనా సంతోషించలేదు. మిట్‌ను అలాగే పట్టుకుని, మాస్క్‌లోంచి ఒక్కసారి నా వైపు తిరిగి చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆ ఆటలో నా స్ట్రైక్ జోన్ ఏమిటో నాకే తెలియలేదు, రెండు జట్లకూ తెలియలేదు.

ఆట అయిపోయాక ఇద్దరూ కలిసే మైదానం దాటండి. ఇంటికి చేరాక అనుమానం మిగిలిన ప్రతి నిర్ణయానికీ మూడు సంగతులు పుస్తకంలో రాసుకోండి: ఎక్కడ నిలబడ్డాను, ఆ క్షణానికి కాళ్లు ఆగాయా, చప్పుడుకూ మాటకూ మధ్య ఎంత వ్యవధి ఇచ్చాను. అయిదారు ఆటల తర్వాత ఆ పేజీలు వరుసగా చదివితే, ఏ బేస్ దగ్గర మీ కాళ్లు మొండికేస్తున్నాయో తెలుస్తుంది. నా పుస్తకంలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది థర్డ్ బేస్.