రీబూట్ సూపర్‌హీరో సినిమా మీద మాట చెప్పాలంటే: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ప్రేక్షకులకు

సూపర్‌హీరో సినిమా చూసొచ్చిన వాణ్ని "బావా, ఎలాగుంది?" అని అడగండి. "ఏటోరా, పాతదే బాగుంది" అంటాడు. ఆ ఒక్క ముక్కలో నాలుగు ఫిర్యాదులు కలగలిసి ఉంటాయి. డబ్బింగ్ గొంతు నచ్చలేదు, హాల్లో బొమ్మ మసగ్గా ఉంది, చిన్నప్పుడు టీవీలో చూసిన హీరో మీద మమకారం పోలేదు, ఎక్కడో ఓ మూల సినిమాలో నిజంగానే తప్పుంది. ఈ నాలుగింటినీ విడదీయడం వస్తే, కామిక్స్ ముఖం చూడనివాడి మాటైనా వినబుద్ధేస్తుంది.

రీబూట్ అంటే పాత కథకు కొనసాగింపు కాదు. పాత లెక్కలన్నీ కొట్టేసి, అదే హీరోతో మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టడం. 1997లో వచ్చిన 'బ్యాట్‌మన్ అండ్ రాబిన్' తర్వాత క్రిస్టఫర్ నోలన్ 2005లో 'బ్యాట్‌మన్ బిగిన్స్'తో చేసిందదే. సూపర్‌మ్యాన్‌ని జాక్ స్నైడర్ 2013లో ఒకసారి, జేమ్స్ గన్ 2025లో ఇంకోసారి కొత్తగా మొదలెట్టారు. అందుకని ముందు చూడాల్సిన సినిమాల జాబితా ఎవరైనా పంపితే పక్కన పెట్టేయండి. రీబూట్‌కి హోంవర్క్ ఉండకూడదు, కావాల్సి వస్తే అది సినిమా లోపమే. ఒక్క మినహాయింపు ఉంది. 2017 నాటి స్పైడర్‌మ్యాన్ కొత్తవాడే గానీ, అంతకు ముందు ఏడాదే 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్'లో కనిపించాడు. అది చూడకపోతే మొదటి పది నిమిషాలు కాస్త తికమకగా ఉంటుంది.

టిక్కెట్టు కొనేటప్పుడు

మన వైపు అసలు చిక్కు భాషతోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, హాల్లో హిందీ. ఒడిశా హాళ్లలో చాలాసార్లు హిందీ డబ్బింగో ఇంగ్లిష్ ప్రింటో పడుతుంది. తెలుగు డబ్బింగ్ కావాలంటే బరంపురం వాళ్లు ఇచ్ఛాపురం వైపు, పర్లాకిమిడి వాళ్లు పక్కనే ఉన్న పాతపట్నం వైపు, రాయగడ వాళ్లు పార్వతీపురం వైపు ఆటలు వెతుక్కోవాలి. బుకింగ్‌లో సినిమా పేరు పక్కన భాష, 2డీనా 3డీనా రెండూ చూశాకే డబ్బు కట్టండి. నాయనమ్మో అమ్మమ్మో వెంట వస్తుంటే తెలుగే తీసుకోండి. పక్కన కూర్చుని డైలాగులు చెవిలో తర్జుమా చేసేవాడికి సినిమా దక్కదు, వెనక వరస వాళ్లకీ దక్కదు.

డబ్బింగ్‌లో చూసేవాళ్లు బయల్దేరే ముందు ఇంగ్లిష్ ట్రైలర్ ఒకసారి వినండి, రెండు నిమిషాల పని. హీరో అసలు గొంతు ఎలా ఉంటుందో చెవికి తెలుస్తుంది. అప్పుడు "యాక్టింగ్ చప్పగా ఉంది" అనే ముందు, చప్పదనం నటుడిదా గొంతు అరువిచ్చిన వాడిదా అని ఓ క్షణం ఆగుతారు. నటన కళ్లలో, భుజాల్లో, నడకలో చూసి తూచండి. జోకులూ అంతే. డబ్బింగ్ రాసేవాళ్లు మన సినిమా డైలాగుల్ని ఇరికిస్తుంటారు. అవి పేలితే ఘనత దర్శకుడిది కాదు, తుస్సుమంటే తప్పూ ఆయనది కాదు.

తెర మీద సెన్సార్ కాగితం పడినప్పుడు

అందరూ పాప్‌కార్న్ సర్దుకునే ఆ పది సెకన్లు చాలా పనికొస్తాయి. సర్టిఫికెట్ మీద భాష, నిడివి, యు/ఎ 13+ లాంటి వర్గం ఉంటాయి. నిడివి గుర్తు పెట్టుకోండి. 2025 సూపర్‌మ్యాన్ 129 నిమిషాల సినిమా. మన దేశంలో ఒక ముద్దు సన్నివేశాన్ని అర నిమిషం దాకా కత్తిరించారు. అక్కడ బొమ్మ గెంతినట్టు అనిపిస్తే ఎడిటర్‌ని తిట్టకండి.

ఆ కాగితం తెల్లదనం కూడా చూడండి. పాలలా ఉంటే ప్రొజెక్టర్ బాగున్నట్టు. పాత పంచెలా పసుపు తిరిగో బూడిదగానో ఉంటే దీపం బలం తగ్గినట్టు. 2డీ బొమ్మకు తెర వెలుగు 14 ఫుట్-లాంబర్ట్ (తెర వెలుగును కొలిచే లెక్క) ఉండాలని సినిమా పరిశ్రమ లెక్క. 3డీలో, కళ్లద్దాలు పెట్టుకున్నాక, అందులో మూడో వంతు మిగిలితే గొప్ప. దీపమే బలహీనమైతే రాత్రి ఫైట్లన్నీ నల్లదుప్పటి కిందే. 2022 నాటి 'ది బ్యాట్‌మన్' లాంటివి కావాలనే చీకట్లో తీసినవి, వాటికి ఈ దెబ్బ రెండింతలు. కాబట్టి మొదటిసారికి 2డీ మేలు. సీటు తెర నుంచి వెనక గోడ దాకా దూరంలో మూడింట రెండొంతుల దగ్గర, మధ్యలో తీసుకోండి. హాలు సౌండ్ సరిచేసేది అక్కడ కూర్చునే.

మాటలు వినపడక పేలుళ్లే మోగుతుంటే, తెర వెనక మధ్య స్పీకర్ దగ్గర లోపం ఉండొచ్చు. వాల్యూమ్ మీట తక్కువలో పెట్టినా అంతే. హాలు సౌండ్ నడిపే పెట్టె, డాల్బీ ప్రొసెసర్ మీద 7 అనేది స్టూడియో కొలత, తగ్గించి నడిపే హాళ్లకు కొదవ లేదు. "కథ అర్థం కాలేదు" అనేవాళ్లలో కొందరికి అసలు వినపడి ఉండదు. ఇంటర్వెల్ దాకా ఓపిక పట్టకుండా అప్పుడే వెళ్లి గేటు దగ్గరబ్బాయికి చెప్పండి, ఆపరేటర్‌కి కబురందుతుంది.

ఇక చూడాల్సింది

రీబూట్‌ని తూచడానికి అన్నిటికన్నా పదునైన ప్రశ్న ఒకటే: హీరో పుట్టుక కథను ఎలా దాటారు? జనానికి ఆ కథ ముందే తెలుసు. స్పైడర్‌మ్యాన్‌నే తీసుకోండి. సాలీడు కుట్టడం, బెన్ బాబాయి చనిపోవడం 2002లో చూశాం. 2012లో మళ్లీ మొదటి నుంచి చూపించారు, పాత వరసలో ఆఖరిది వచ్చి అప్పటికి ఐదేళ్లే. "మళ్లీ ఇదేనా" అని జనం విసుక్కున్నారంటే విసుక్కోరూ మరి! 2017లో ఆ రెండూ చూపించకుండా నేరుగా బడి పిల్లాడి దగ్గర మొదలెట్టారు. అలాగని పుట్టుక చూపించడమే తప్పని కాదు. 'బ్యాట్‌మన్ బిగిన్స్'లో హీరో ముసుగు తొడిగేసరికి దాదాపు గంట గడుస్తుంది, అయినా ఎక్కడా బరువనిపించదు. భయం అనే ఒక్క దారంతో ఆ గంటంతా కుట్టారు కాబట్టి.

2025 సూపర్‌మ్యాన్ ఇంకో దారి పట్టింది. తెర మీద కొద్ది వాక్యాల్లో కథ చెప్పేసి, మూడు నిమిషాల క్రితం హీరో మొదటిసారి ఓడిపోయాడంటుంది. వెంటనే అతను ఆకాశం నుంచి అంటార్కిటికా మంచులో పడతాడు. ఒళ్లంతా దెబ్బలు. ఈల వేస్తాడు. తెల్ల కుక్క ఒకటి దూసుకొచ్చి, గాయపడ్డ మనిషన్న జాలి లేకుండా మీదపడి గెంతుతుంది. "ఇంటికి తీసుకెళ్లు" అంటే అప్పుడు ఈడ్చుకుపోతుంది. ఈ హీరో దెబ్బ తింటాడు, సినిమా నవ్విస్తుంది, పుట్టుక కథ ఉండదు. మొదట్లోనే ఇన్ని మాటలు ఇచ్చిన సినిమా, చివరిదాకా నిలబెట్టుకుందా లేదా అన్నదే మీరు చెప్పాల్సింది. 2013 హీరోలా గంభీరంగా లేడని అనొచ్చు గానీ, అది మీ ఇష్టం అవుతుంది, సినిమా తప్పు కాదు.

విలన్ విషయం చప్పున తేల్చుకోవచ్చు. "వాడికేం కావాలి?" అన్నదానికి ఇంటర్వెల్‌లో ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే రాత బలహీనమే.

ఇంటర్వెల్ అనగానే గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. హాలీవుడ్ వాళ్లు విరామం పెట్టుకుని సినిమా రాయరు. అరవై నిమిషాలు దాటాక ఎక్కడో ఒకచోట మన దగ్గర కోస్తారు, ఒక్కోసారి సంభాషణ మధ్యలోనే. కాబట్టి "ఇంటర్వెల్ బ్యాంగ్ లేదు", "సెకండాఫ్ ల్యాగ్" అన్నవి మన సినిమాలకు అతికే మాటలు. వీటిని మొదలు, నడక, ముగింపు అని మూడు ముక్కలుగా తూచండి.

ఆఖర్న పేర్లు మొదలవగానే తలుపులు తీస్తారు, లైట్లేస్తారు, ఊడ్చేవాళ్లు వచ్చేస్తారు. కదలకండి. 2025 సూపర్‌మ్యాన్‌లో చిన్న ముక్కలు రెండున్నాయి, ఒకటి మధ్యలో, ఒకటి అట్టడుగున. రెండూ చూడకపోయినా కథకు నష్టం లేదు, కానీ చూడకుండా "ఏమీ లేదు" అని చెప్పకూడదు.

రాయడం

హాల్లోంచి వచ్చిన గంటలోపు రాయొద్దు, మూడో రోజుకి వాయిదా వేయనూ వద్దు. రాత్రి పడుకుని లేచాక ఏ సీన్లు గుర్తున్నాయో అవే రాయండి. ఎనిమిది పది వాక్యాలు చాలు. మొదటి వాక్యంలో ఏ భాషలో, 2డీనా 3డీనా చెప్పాలి. రెండో వాక్యంలో పాతవి ఎన్ని చూశారో ఒప్పేసుకోవాలి. 2.75 లాంటి రేటింగులు పెట్టకండి, ఆ పావు దేనికో ఇచ్చినవాడికే తెలీదు. 2025 సూపర్‌మ్యాన్ మీద నమూనా ఇదిగో:

"తెలుగు డబ్బింగ్, 2డీలో చూశాను. పాతవాటిలో 2013ది ఒక్కటే తెలుసు. కుక్క ఉన్న ప్రతి సీనూ నచ్చింది. హీరోయిన్ లోయిస్ హీరోని ఇంటర్వ్యూ చేసే సీనులో ఇద్దరూ నిజం జంటలా పోట్లాడుకున్నారు. విలన్ లూథర్ అసూయ నమ్మేలా ఉంది. పక్క హీరోలు ఎక్కువయ్యారు, మిస్టర్ టెరిఫిక్ ఒక్కడే గుర్తున్నాడు. ఆ జేబు ప్రపంచం (పాకెట్ యూనివర్స్) గొడవ సాగదీసినట్టుంది. పాత సూపర్‌మ్యాన్ సంగీతం వినపడ్డప్పుడు ఒళ్లు పులకరించింది, అది 1978 నాటి జాన్ విలియమ్స్ బాణీకి చెందాల్సిన మార్కు. పిల్లల్తో వెళ్లొచ్చు."

చుట్టాల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లు నిమిషం దాటనివ్వకండి. ఎవరు చస్తారో, ఆఖర్న ఎవరొస్తారో ఆదివారం రాత్రి దాకా మింగేయండి. మావయ్య వాళ్లు సోమవారం ఆటకి వెళ్తారని ముందే తెలిస్తే, మంగళవారం దాకా.