పోడు పట్టాకు దరఖాస్తు: ఫైలు ఊరు దాటకముందే చేయాల్సిన పని

పోడు, అంటే అడవి కొట్టి సాగు చేసుకుంటున్న భూమికి, అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగి దరఖాస్తు రిజెక్ట్ అయినవాళ్లను ఎవరిని కదిపినా ఒకటే మాట చెబుతారు, "మా దగ్గర కాగితాలు లేవండీ, అందుకే పోయింది" అని. కొన్నేళ్లుగా ఊళ్లలో ఈ దరఖాస్తులు రాయడానికి సాయం చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, నేను చూసినంతవరకు కాగితం లేక పోయినవి తక్కువ, ఊళ్లో జరగాల్సిన పని హడావిడిగా జరగడం వల్ల పోయినవే ఎక్కువ. గ్రామసభ తీర్మానంలో సంతకాలు చాలవు, పెద్దల వాంగ్మూలం రెండు లైన్లలో ముగుస్తుంది, దరఖాస్తు ఇచ్చినట్టు రశీదు కూడా ఉండదు. ఫైలు ఆఫీసుకు వెళ్లాక వీటిని సరిచేయడం చాలా కష్టం.

ముందు అర్హత సంగతి. 2005 డిసెంబర్ 13 నాటికే మీ సాగులో ఉన్న అటవీ భూమికి హక్కు అడగొచ్చు, ఎంత సాగులో ఉంటే అంత, గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కాస్త తక్కువ. ఎస్టీలు కానివాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి ప్రాంతంలో ఉంటున్నట్టు చూపాలి. ఈ 75 ఏళ్ల లెక్క ఆ ప్రాంతంలో నివాసానికి మాత్రమే. ఆ భూమి చెక్కను 75 ఏళ్లు దున్నినట్టు చూపమని ఎవరైనా అడిగితే చట్టంలో అలా లేదని గట్టిగా చెప్పండి. ఇంకో మాట, 2005 తర్వాత కొట్టిన పోడును ఇందులో కలపకండి. ఒకరిద్దరు ఆశపడి కలిపితే ఊరు లిస్టు మొత్తం మీద అనుమానం పడుతుంది, నిజంగా పాత సాగు ఉన్నవాళ్లు కూడా దెబ్బతింటారు.

ఇక సాక్ష్యాలు. కనీసం రెండు కావాలి. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రశీదు లాంటివి ఒక రకం. అవి లేకపోతే భూమే సాక్ష్యం చెబుతుంది: చదును చేసిన నేల, గట్లు, బావి, పాత గుడిసె ఆనవాళ్లు, సమాధులు, దేవర గద్దె. దరఖాస్తుదారు కాకుండా వేరే పెద్ద మనిషి చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఫలానా రకం కాగితమే కావాలని పై కమిటీలు (సబ్ డివిజన్, జిల్లా కమిటీలు) పట్టుబట్టకూడదని 2012లో సవరించిన నియమాల్లో స్పష్టంగా ఉంది. శాటిలైట్ ఫోటో మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తుందే కానీ వాటి స్థానంలోకి రాదు, ఆ మాట కూడా అక్కడే ఉంది.

ఒక ఊళ్లో ఒక అవ్వ తన దగ్గర ఏమీ లేదని మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి వెళ్తే బియ్యం డబ్బా అడుగు నుంచి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన చీటీ తీసింది, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. 2005కు చాలా ముందు, అడవి కొట్టారని వాళ్లాయనకు వేసిన జరిమానా రశీదు అది. "ఇది చూపిస్తే మళ్లీ కేసు పెడతారేమో బాబూ" అని భయం. ఆమె దాచిపెట్టిన ఆ చీటీలోనే తేదీ, ఊరి పేరు, ఆయన పేరు, అటవీ శాఖ ముద్ర అన్నీ ఉన్నాయి. ఆ రోజుల్లో వాళ్లు ఆ నేల మీద ఉన్నారని అంతకంటే బాగా చెప్పే కాగితం ఇంకేముంటుంది? జరిమానా రశీదులు, కేసు కాగితాలు ఉన్నాయన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించకూడదని నియమాల్లో రాసి ఉంది. కాబట్టి ఇళ్లలో వెతికించండి, భయం పోయేలా ముందు ఈ విషయం చెప్పి వెతికించండి.

పెద్దల వాంగ్మూలం "ఇతను చాలాకాలంగా సాగు చేస్తున్నాడు" అని రాస్తే దేనికీ పనికిరాదు. ఎవరి తాత ముందు నరికాడు, ఏ కరువు ఏడు, ఏ పంట వేశారు, ఏరిన రాళ్లు ఎక్కడ కుప్ప పోశారు, గట్టు మీద ఇప్ప చెట్టు అప్పటికి ఎంత ఉంది, ఇవన్నీ చెప్పే పెద్దాయన మాటల్లోనే రాయండి, చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి.

గ్రామసభ దగ్గర అసలు తొందరపడొద్దు. సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, హక్కుల మీద తీర్మానం చేసేటప్పుడు దరఖాస్తుదారుల్లో కనీసం సగం మంది ఉండాలి. దరఖాస్తులు తీసుకుని పరిశీలించే అటవీ హక్కుల కమిటీని ఎన్నుకునేదీ ఈ సభే, 10 నుంచి 15 మంది, అందులో మూడో వంతు ఆడవాళ్లు. ఫారాలు ఉచితంగా ఇవ్వాలి, వ్యక్తిగత హక్కుకు ఫారం ఏ. దరఖాస్తు తీసుకున్నట్టు కమిటీ రాతపూర్వకంగా రశీదు ఇవ్వాలి, అది లేకుండా ఇంటికి రావద్దు.

సర్వే రోజున భార్యాభర్తలిద్దరూ చేను దగ్గర ఉండండి. జీపీఎస్ పట్టుకున్న మనిషి ఎండకు విసిగి మూల నుంచి మూలకు అడ్డంగా నడిచేస్తాడు, వాగు వైపు వంపు తిరిగిన ముక్క అలా బయటికి పోతుంది. అది అరెకరం కావచ్చు, ఆ ఇంటికి అదే ఏడాది తిండి గింజలు కావచ్చు. గట్టు వెంబడే, ప్రతి వంపులోనూ నడిపించండి, విస్తీర్ణం ఎంత వచ్చిందో అక్కడికక్కడే రాసుకోండి. ఫారెస్ట్, రెవెన్యూ వాళ్లకు ముందుగా నోటీసు ఇచ్చి కాపీ దాచండి. వాళ్లు వస్తే తేదీ, హోదాతో సంతకం చేయాలి. రాకుండా తర్వాత అభ్యంతరం పెడితే మళ్లీ ఒకసారి తనిఖీ జరుగుతుంది, అప్పుడూ రాకపోతే ఆ తనిఖీపై గ్రామసభ నిర్ణయమే ఫైనల్.

తర్వాత ఫైలు సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. తిరస్కరిస్తే కారణాలు వివరంగా రాసి ఆ మనిషికే తెలియజేయాలి, 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లొచ్చు. నోటిమాటగా "మీది పోయింది" అంటే ఒప్పుకోకండి, కాగితం అడగండి, అది అందిన తేదీ దాని మీదే రాయండి. విచారణ, గుర్తింపు పూర్తయ్యేదాకా మిమ్మల్ని ఖాళీ చేయించకూడదని చట్టంలోని సెక్షన్ 4(5) చెబుతుంది. ఈ నంబర్ ఊళ్లో పది మందికి నోటికి వచ్చి ఉండాలి.

పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీద వస్తుంది, రాకపోతే దిద్దించండి. వారసులకు వెళ్తుంది, అమ్మడానికి మాత్రం కుదరదు. కౌలు పేరుతో తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లతో జాగ్రత్త.

చాలా ఊళ్లు ఇక్కడితో ఆగిపోతాయి, నాకు బాగా బాధ కలిగించేది అదే. వెదురు, తునికాకు, తేనె, పశువుల మేత ఇవన్నీ పట్టా చెక్కలో దొరకవు కదా. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవి మీద ఊరు మొత్తానికి హక్కు అడగడానికి ఫారం సీ ఉంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే చిన్న గోండు ఊరు 2009లో 1,800 హెక్టార్లకు పైగా అడవి మీద అలా హక్కు తెచ్చుకుని, 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంటోంది.

దీనికి సరిహద్దు మ్యాపే ప్రాణం. మేకలు కాసేవాళ్లను, పుట్టతేనె తీసేవాళ్లను, ఆకు కోసే ఆడవాళ్లను వెంటబెట్టుకుని వాగు, గుట్ట, బండ పేర్లతో సహా గీయండి. పక్క ఊరివాళ్లను మొదటి రోజే పిలవండి, ఇద్దరూ వాడే బీడు ఉంటే అలాగే రాసుకుని రెండు ఊళ్లూ సంతకాలు పెట్టండి. హక్కు వచ్చాక అడవి కాపలాకు గ్రామసభ కమిటీ వేయాలి. ఏ వైపు వెదురు ఈ ఏడు నరకాలి, ఏ వైపు వదలాలి, మంట రాకుండా ఎండాకాలం ముందే ఏ దారి శుభ్రం చేయాలి అన్నది ఆ మ్యాపు మీదే గీసి, మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టుకోండి.