భోజనం తర్వాత చక్కెర: నాకు పనిచేసిన వరుస

మధ్యాహ్నం అన్నం తిన్న గంటకే కళ్ళు మూతలు పడేవి. రోగమేదీ లేదన్నారు గానీ, గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ.

మెంతుల నీళ్ళు, కాకరకాయ రసం, అన్నం బదులు చపాతీలు, రాత్రి పస్తులు: ఏవీ నిలవలేదు.

చివరికి తినే వరుస మార్చాను. మొదట గిన్నెడు కూర, ఉత్తదే: బీరకాయో, బెండకాయో. తర్వాత గట్టిపప్పు. అన్నం చివర్లో, మునుపటిలో సగం, మజ్జిగతో. పీచు, మాంసకృత్తులు ముందు వెళితే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. చెయ్యి కడుక్కున్న పది నిమిషాల్లోపే నడక, 15 నిమిషాలు. నా మట్టుకు అసలు మేలు ఇక్కడే జరిగింది. కదులుతున్న కండరాలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. వాన పడితే వసారాలోనే తిరిగాను. ముందు కాసేపు కూర్చుందామనుకున్న రోజున మాత్రం లేవలేకపోయాను.

మూడు నెలలకు 5.6 వచ్చింది. అన్నం తగ్గడం వల్ల ఎంత, నడక వల్ల ఎంత అన్నది విడదీసి చెప్పలేను. అందరికీ ఇంతే తగ్గుతుందనీ అనను. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది, ముందు వైద్యుణ్ణి అడగండి. నాకిప్పుడు సాయంత్రం మనవరాలితో ఆడుకునే ఓపిక మిగులుతోంది.