శీతాకాలంలో కొండెక్కే ముందు మంచును అంచనా వేయడం

శీతాకాలంలో పర్వతాలకు వెళ్లేవారిలో చాలామంది ఆనాటి వాతావరణ సూచన చూసుకుని బయలుదేరుతారు. కాని కాలి కింద ఉండే మంచు గడిచిన కొద్దిరోజుల గాలినీ, ఎండనూ, హిమపాతాన్నీ బట్టి గట్టిపడడమో గుల్లబారడమో జరుగుతుంది కనుక, ఆ రోజుల వివరాలు కూడా ముందే సేకరించుకోవాలి.

సూచనను ఎక్కబోయే ఎత్తుకు తగినట్టు చూడాలి. ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మైనస్ 10 డిగ్రీల వద్ద గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే, ఒంటికి అది దాదాపు మైనస్ 21 డిగ్రీల చలిగా తగులుతుంది.

అంతకంటే ప్రమాదకరమైనది గాలి మంచును తరలించే తీరు. ఎదురుగాలి తగిలే వాలు నుంచి మంచును ఊడ్చుకుపోయి, గాలి చాటున ఉన్న వాలుపై పలకలా పేరుస్తుంది. ఆ పలక కింద బలహీనమైన పొర ఉంటే ఒక్క మనిషి బరువుకే అది తెగి, మంచుచరియ విరిగిపడవచ్చు. ఇవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే జరుగుతాయి కాబట్టి, వాలును కంటితో ఊహించక కొలిచి తెలుసుకోవాలి. ఏ వాలు గాలి చాటున ఉందో చెట్లే చెబుతాయి: కొమ్మలపై పేరుకున్న తెల్లని మంచుపొర గాలి వచ్చిన దిక్కుకే పెరిగి ఉంటుంది. అడుగు వేయగానే ‘ధబ్’మని లోపలికి కుంగిన శబ్దం వచ్చినా, పాదాల దగ్గర మొదలైన పగులు ముందుకు పరుగెత్తినా, ఆ వాలును వెంటనే వదిలేయాలి. భారీ హిమపాతం తర్వాత వచ్చే మొదటి నిర్మలమైన రోజు ఎంతో ఆకర్షిస్తుంది. నా దృష్టిలో అత్యంత జాగ్రత్త అవసరమైన రోజు అదే.

మంచుచరియల ప్రమాద సూచికలో 1 నుంచి 5 వరకు స్థాయిలుంటాయి. 3 మధ్యలో ఉంది కదా అని దానిని మామూలు స్థితిగా భావించరాదు. అది గణనీయమైన ప్రమాదమని అర్థం.

మబ్బులేని రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది కనుక, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా ఉపరితలం గడ్డకట్టి తెల్లవారేసరికి జారుడుగా మారవచ్చు. అప్పుడు క్రాంపాన్లు (బూట్ల అడుగున బిగించుకునే లోహపు ముళ్ల పట్టీలు) తప్పనిసరి. ఎండ ముదిరాక అదే మంచు తడిసి జారే అవకాశం ఉన్నందున, ఎండ తగిలే ఏటవాలు ప్రదేశాలను మధ్యాహ్నంలోగా దాటేయాలి. శిఖరపు అంచున చూరులా వేలాడే మంచు, అంచుకు బాగా వెనక నుంచే విరగవచ్చు కాబట్టి దూరంగా నడవాలి.

బృందంలో ప్రతి ఒక్కరి వద్దా ట్రాన్స్‌సీవర్ (మంచు కింద కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), మంచులో గుచ్చి వెతికే కడ్డీ, పార ఉండాలి. అనుమానాస్పదమైన వాలును దాటక తప్పనప్పుడు ఒక్కొక్కరుగా దాటాలి. మిగిలినవారు సురక్షితమైన చోట నిలబడి, దాటేవారిపై నుంచి చూపు తిప్పకూడదు.